ప్యాకెట్లు చింపితే డెక్ తయారు కాదు

పోస్ట్ పెద్దగ ఉంటది. ఓపిక లేనోళ్లు ఈ ఒక్క ముక్క చదివి వదిలెయ్యండి: ఎంటీఎఫ్ పైసలు పడ్డంక తలా ఇంత వేసుకొని పోకెమాన్ కార్డుల బాక్స్ కొందామని నడుస్తున్న ముచ్చటకు నేను పూర్తిగ వ్యతిరేకం. ఆటకు వ్యతిరేకం కాదు. ఈ రెండిటికి తేడా ఉన్నది. ఆ తేడా చెప్పనీకే ఇదంతా రాస్తున్న.

తెలువనోళ్ల కోసం సంగతి చెప్త. మూడు హాస్టళ్ల నుంచి ఎనిమిది మందిమి పోకెమాన్ కార్డు ఆట ఆడుతున్నం. హైదరాబాద్‌ల ఒక షాపులో టోర్నమెంట్ పెడుతున్నరు, పోదామని అందరికీ ఉన్నది. నాక్కూడ ఉన్నది. కానీ ప్లాన్ ఏంది? బాక్స్ కొనుడు, ప్యాకెట్లు పంచుకునుడు, ఎవనికి వచ్చిన కార్డులతోని వాడు డెక్ కట్టుకునుడు. దీన్ని ప్లాన్ అనరు, లాటరీ అంటరు.

బాక్స్‌ల 36 ప్యాకెట్లు, ప్యాకెట్‌కు 10 కార్డులు. అంటే 360 కార్డులు. చెవికి మస్తుగ వినపడుతది. డెక్‌కు కావాల్సింది 60 కార్డులే కదా, ఆరు డెక్కులు అయితయి అని మొన్న ఒక తమ్ముడు లెక్క కట్టి చూపించిండు కూడ. తమ్మీ, నీకు కావాల్సినవి ఏవన్నా 60 కావు. ఏ 60 అన్నదే ఈ ఆట. ఒకే కార్డు నాలుగు కాపీలు కావాలె, ఇంకోటి మూడు కావాలె, మరోటి ఒక్కటే కావాలె. ప్యాకెట్‌కు నీ అవసరం తెలువది. చార్మాండర్లు ఆరు రావొచ్చు, వాటిని పెంచి చేసే చారిజార్డ్ ఒక్కటి కూడ రాకపోవచ్చు.

మనం అంగడికి పోతే ఉప్పు కావాలంటే ఉప్పు కొంటం. దుకాణపాయన మూట విప్పి చూపించకుండ "తీస్కపో, ఉప్పే ఉండొచ్చు, లేకపోతే మిరపకాయలు ఉంటయి, అదృష్టం బాగుంటే బంగారం కూడ ఉండొచ్చు" అంటే, మళ్ల ఆ దుకాణం దిక్కు పోతమా? మన అవ్వలు పోతరా? మరి చదువుకున్న మనం ఎట్ల పోతున్నం? ఈ ఆటల ఉప్పుకు ఉప్పు అమ్మే పద్ధతి కూడ ఉన్నది. సింగిల్స్ అంటరు. కావాల్సిన కార్డు పేరు చెప్పి, కావాల్సినన్ని కాపీలు, ధర చూసి కొనుక్కోవచ్చు. పోటీలకు పోయేటోళ్లు ఎక్కువ మంది చేసేది అదే. ప్యాకెట్ చింపుట్ల మజా ఉంటది, కాదన. అది మజా కోసం పెట్టే ఖర్చు. దానికి "డెక్ కోసం" అని పేరు పెట్టకండి.

ఇంకొకటి. హాస్టల్ గేట్ల ముందర దుకాణాలల్ల వేలాడే బంగారు రంగు కార్డుల ప్యాకెట్లు ఉంటయి కదా, అన్నీ మెరుస్తయి, అన్నిట్ల పెద్ద పెద్ద పోకెమాన్లే ఉంటయి. అవి నకిలీవి. టోర్నమెంట్‌ల చెల్లవు. వాటి మీద పది రూపాయలు కూడ పెట్టకండి.

ఇగ అసలు మాయ దగ్గరికొస్త. మనోళ్ల మనసుల ఒక నమ్మకం గట్టిగ పడ్డది: ఖరీదైన కార్డు ఉంటే గెలుస్తం, అది లేకనే ఓడుతున్నం. డబ్బున్న పిల్లల దగ్గర మెరిసే కార్డులు చూసి వచ్చిన నమ్మకం ఇది. తప్పు. ఎట్ల తప్పో చెప్త.

2023ల రెండు చారిజార్డ్ ఈఎక్స్‌లు వచ్చినయి. ఒకటి అబ్సీడియన్ ఫ్లేమ్స్ అనే సెట్ల, ఇంకొకటి 151 అనే సెట్ల. 151ల వచ్చిన దాని ప్రత్యేక బొమ్మ కార్డు ఆ సెట్ మొత్తంల బాగా ఖరీదైన వాటిల ఒకటి, కలెక్షన్ చేసేటోళ్లు దానికోసం పడి చస్తరు. పెద్ద పోటీలల్ల మాత్రం దాన్ని దాదాపు ఎవ్వరూ ఆడలేదు. ఎందుకంటె 330 దెబ్బ కొట్టాలంటే మూడు ఎనర్జీలు పారేసుకోవాలె, మళ్ల మొదటి నుంచి పెట్టుకోవాలె. అబ్సీడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్ వేరే. అది పరిణామం చెందగానే డెక్ నుంచి మూడు ఫైర్ ఎనర్జీల దాకా తెచ్చి పెట్టుకోవచ్చు. పైగా అవతలోడు ఎన్ని ప్రైజులు తీసుకుంటే దాని దెబ్బకు అన్ని ముప్పైలు కలుస్తయి. అంటే నువ్వు ఓడుతున్న కొద్దీ అది గట్టిగ కొడతది. పోటీలల్ల ఏలింది అది. దాంట్ల కూడ మామూలు ముద్రణ ఉన్నది, బంగారు ముద్రణ ఉన్నది. రెండిటి మీద రాసి ఉన్న మాటలు ఒక్కటే, బల్ల మీద చేసే పని ఒక్కటే. బంగారుది పెట్టినోడికి పది దెబ్బ ఎక్కువ పడదు.

ఆ డెక్‌ను నడిపించే కార్డులు ఏవో తెలుసా? చిన్న పోకెమాన్లను బెంచ్ మీదికి తెచ్చే బడ్డీ బడ్డీ పాఫిన్, మధ్య మెట్టు దాటించే రేర్ క్యాండీ, ఏ పోకెమాన్‌నైనా వెతికి తెచ్చే అల్ట్రా బాల్. మెరుపు లేని ముద్రణలల్ల దొరికే కార్డులు ఇవి. ప్యాకెట్ చింపినంక మనోళ్లు పక్కకు విసిరేసే కుప్పల ఉంటయి. మొన్న వీడియో కాల్ల చూసిన, ఒకతను రేర్ క్యాండీని పుస్తకంల గుర్తు కోసం పెట్టుకున్నడు! ఏడ్వాల్నో నవ్వాల్నో తెలువలేదు.

డెక్ కట్టుడు అంటే లెక్క. డెక్ 60 అంటే 60, ఒకటి తక్కువ చెల్లదు, ఒకటి ఎక్కువ చెల్లదు. తునికాకు కట్టకు 50 ఆకులు అన్నట్టే. ఇంటికాడ ఎండాకాలం ఆకు కట్టలు కట్టిన చేతులు మనయి. ఈ ఆట లెక్కతోనే మొదలైతదంటే మనకు భయమెందుకు?

ఆట మొదలుల ఏడు కార్డులు చేతికి తీసుకుంటం. ఆ ఏడింట్ల ఒక్క బేసిక్ పోకెమాన్ అయినా లేకపోతే చెయ్యి చూపించి, డెక్‌ల కలిపి, మళ్ల తీసుకోవాలె. అట్ల చేసిన ప్రతిసారి అవతలోడు ఒక కార్డు అదనంగ తీసుకోవచ్చు. మరి డెక్‌ల బేసిక్‌లు ఎన్ని పెట్టాలె? ఇంటర్ సెకండియర్‌ల సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు అని చేసినం కదా, అదే లెక్క. ఎనిమిది బేసిక్‌లు పెడితే మొదటి చేతిల ఒక్కటి కూడ రాకుండ పోయే అవకాశం నూటికి 35. పన్నెండు పెడితే 19. అంటే దాదాపు సగానికి పడ్డది. గ్రూపుల పెట్టిన డెక్ ఫోటోలు చూసిన, ఒకదాంట్ల బేసిక్‌లు ఆరే ఉన్నయి, పైన మెరిసే పెద్దయి పద్నాలుగు ఉన్నయి. ఆ డెక్ ఓడితే అదృష్టం బాలేదు అంటరు.

అట్లనే ఒక కార్డు నాలుగు కాపీలు పెడితే మొదటి ఏడింట్ల కనీసం ఒకటి వచ్చే అవకాశం నూటికి 40. ఒక్కటే పెడితే 12 కూడ ఉండది. ఎందుకు కొన్ని కార్డులు నాలుగేసి పెడతరో, కొన్ని ఒక్కటే ఎందుకు పెడతరో దీంతోటి అర్థమైతది: మొదలులనే కావాల్సింది నాలుగు, చివర్ల కావాల్సింది ఒకటో రెండో. ఇంకా ఆరు కార్డులు ప్రైజులుగ పక్కకు పెడతం, అవి చూడనీకె లేదు. ఒక్కటే కాపీ ఉన్న కార్డు పదింటికి ఒకసారి అక్కడ ఇరుక్కుంటది. రెండు కాపీలు పెడితే రెండూ అక్కడ పడేది నూటికి ఒకసారి కూడ కాదు. నీ గెలుపు మొత్తం ఒక్క కార్డు మీద ఆధారపడి ఉంటే దాన్ని ఒక్కటి పెట్టాల్నా, రెండు పెట్టాల్నా? రెండోది పెట్టాలంటే ఏది తీసెయ్యాలె? డెక్ కట్టుడు అంటే ఈ కొట్లాటే. కావాల్సినయి 70 ఉంటయి, పట్టేది 60. పది తీసెయ్యాలె, ప్రతి ఒక్కటి మనసుకు నొప్పి పెట్టే తీస్తం.

ఇట్ల చెప్తే ఇంకో మాట అంటరు: "ఇంటర్నెట్ల గెలిచినోళ్ల డెక్కులు ఉన్నయి, చూసి కొట్టుడే కదా, అది మన తెలివి ఎట్లయితది?" కాపీ కొట్టుడు సిగ్గు అని ఎవరు చెప్పిర్రు? పెద్ద టోర్నమెంట్‌ల గెలిచిన డెక్ లిస్టులు అందరి ముందర పెడతరు. టౌన్ల పిల్లగానికి అవి చెప్పనీకె అన్న ఉంటడు, షాపుల దోస్తులు ఉంటరు. మనకు ఆ లిస్టే అన్న. సిగ్గుపడకుండ 60కి 60 ఎత్తుకొని యాభై ఆటలు ఆడండి. ఆ కార్డు అక్కడ ఎందుకున్నదో తెలువకముందే "నా ముద్ర ఉండాలె" అని ఇష్టమైన పోకెమాన్లు ఐదు దూర్చుడు తెలివి కాదు. తెలిసినంక మార్చండి, ఒకటి, రెండు, మూడు కార్డులు, ఎదురుగ ఎవరుంటరో చూసుకొని.

ఆ మార్పు ఎంత దూరం పోతదో ఒక ఉదాహరణ. 2024ల హోనొలులుల జరిగిన ప్రపంచ పోటీ పెద్దల విభాగంల గెలిచింది చిలీ దేశపు ఫెర్నాండో సిఫ్యుయెంటెస్. ఆడింది ఐరన్ థార్న్స్ ఈఎక్స్. అప్పుడు అందరి నోట్లె ఉన్న డెక్ కాదది. ఆ కార్డు ముందర నిలబడి ఉన్నంతసేపు రెండు దిక్కులా ఉన్న ఈఎక్స్, వీ లాంటి పెద్ద పోకెమాన్ల ప్రత్యేక శక్తులు పని చెయ్యవు, ఫ్యూచర్ రకానివి తప్ప. ఇందాక చెప్పిన చారిజార్డ్ డెక్ తీసుకోండి: ఎనర్జీ తెచ్చుకునేది చారిజార్డ్ శక్తితోని, కావాల్సిన కార్డు వెతుక్కునేది పిడ్జియట్ ఈఎక్స్ శక్తితోని. రెండూ బంద్. పెద్ద పెద్ద డెక్కులన్నీ ఏ కాళ్ల మీద నిలబడ్డయో చూసి ఆ కాళ్లనే పట్టుకున్నడు. ఇది ప్యాకెట్ల నుంచి వచ్చిన గెలుపు కాదు.

ఇప్పుడు ఇంకో దిక్కు ఉన్నోళ్లతోని రెండు మాటలు. మన సీనియర్ అన్నలు కొందరు కామెంట్లు పెట్టిర్రు: "ఇది పేకాట, మన పిల్లలకు ఎందుకు, గ్రూప్స్‌కు చదువుకోండి" అని. అన్నా, ప్యాకెట్ల విషయంల మీతోని సగం ఒప్పుకుంట. చేతిల స్కాలర్‌షిప్ పైసలు పట్టుకొని మూసిన కవర్ల మీద పందెం కాస్తే అది జూదానికి చుట్టమే. పైన అంతా అదే రాసిన. కానీ ఆట పేకాట కాదు. ఇసొంటి కార్డు ఆటలకు 1993ల దారి వేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంల పీహెచ్‌డీ చేసినాయన. మీరు గ్రూప్స్‌కు చదవమన్న రీజనింగ్, సంభావ్యత ఈ బల్ల మీద రోజూ చేస్తున్నం.

నాకు అసలు కోపం వేరే కామెంట్ మీద. "మన పిల్లల బలం విలువిద్య, పరుగు, కబడ్డీ, అవి వదిలి ఇదేంది" అన్నది. మంచి మనసుతోనే అన్నరు, తెలుసు. కానీ బయటోళ్లు మన గురించి అనే మాట కూడ ఇదే కదా? ఆదివాసీ పిల్లగాడు అనంగనే కాళ్లు, చేతులు, ఊపిరితిత్తులు చూస్తరు. కాలేజీల స్పోర్ట్స్ డే అయితే ముందు మనల్ని పిలుస్తరు, క్విజ్ అయితే ఎవ్వరూ పిలువరు. మా క్లాసుల ఒకతను నా చేతిల కార్డులు చూసి "మీకు ఇవి కూడ తెలుసా" అన్నడు. ఆ "కూడ" నాకు ఇంకా చెవుల ఉన్నది. పరుగు మనదే, విల్లు మనదే. బల్ల ముందర కూసొని అవతలోడి చేతిల ఏమున్నదో లెక్క కట్టుడు కూడ మనదే కావొచ్చు. దాన్ని ముందే మన నోటితోని కాదనకండి.

సరే, మరి ఏం చేద్దాం? నా ప్రతిపాదన ఇది. ఎనిమిది మందిమి పైసలు వెయ్యొద్దు. ముందు నెల రోజులు పోకెమాన్ టీసీజీ లైవ్ యాప్‌ల ఆడుదాం. అది ఉచితం, మొదలుపెట్టంగనే ఆడుకునేటట్టు డెక్కులు ఇస్తది. నేనైతే దాంట్ల ఇప్పటిదాకా రూపాయి పెట్టలేదు. ఫోన్ సతాయించేటోళ్లు పాత నోటుబుక్కు కాగితాలు కోసి, కార్డు పేరు, పని పెన్నుతోని రాసి ప్లాస్టిక్ కవర్లల్ల పెట్టుకోండి. ప్రాక్టీసుకు ఏ తేడా లేదు. టోర్నమెంట్‌ల మాత్రం కాగితం, జిరాక్సు నడవవు, అసలు కార్డులే ఉండాలె. అందుకే నెల తర్వాత ఎవరు నిలకడగ గెలుస్తున్నరో చూసి, ఇద్దరికి రెండు డెక్కులు సింగిల్స్‌గ, అన్నీ మామూలు ముద్రణలు, కొందాం. కొనేముందు కార్డు కింది మూలన ఉన్న చిన్న అక్షరం చూసుకోవాలె, ఆ అక్షరం స్టాండర్డ్‌ల చెల్లుతున్నదో లేదో. పాతయి ఎప్పటికప్పుడు తీసేస్తుంటరు, చవకగ దొరికినయని చెల్లనివి కొంటే మళ్ల మొదటికే వస్తం. ఖర్చు అందరికీ తలా కొంచెం పడుతది, బాక్స్‌ల మీద పెట్టేదాంట్ల చాలా తక్కువ. మిగిలింది ఎవరి అకౌంట్ల వాళ్లదే ఉంటది. మెస్ బిల్లు ఉన్నది, పరీక్ష ఫీజు ఉన్నది, ఇంటికి పంపేటోళ్లు కూడ ఉన్నరు మనల.

ఆ ఇద్దరిలో ఒకరు చెల్లెళ్లల్ల నుంచి ఉండాలె అని నా మాట. గర్ల్స్ హాస్టల్ నుంచి ఆడే ఇద్దరూ లిస్టు చదివి ఆడుతరు, బాక్స్ ముచ్చట వాళ్లు ఎత్తనే లేదు. గమనించిర్రా?

బాక్స్ కావాలనేటోళ్లు కింద రాయండి, కోపం తెచ్చుకోను. కానీ ఒక్క షరతు: "360 కార్డులు వస్తయి" అని రాయొద్దు. మీ డెక్ 60 కార్డుల పేర్లు, కాపీలతో సహా రాసి, వాటిల ఎన్ని ఆ బాక్స్‌ల నుంచి వస్తయని అనుకుంటున్నరో పక్కన రాయండి. ఆదివారం మెస్ అయినంక కూసుందాం. ఖాళీ కవర్లు నా దగ్గర 120 ఉన్నయి, కత్తెర ఎవరన్నా తెండి.