కుళాయి నీటిలో పిలవని చుట్టాలు

కుళాయి తిప్పగానే ఒక్కోరోజు బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంటుంది. ‘ఇవేం నీళ్లు!’ అంటూ ముక్కు మూసుకుంటారు ఇంటిల్లిపాదీ. నిజానికి ఆ వాసన ఓ భరోసా. కలరా, టైఫాయిడ్ క్రిములను చంపేందుకు కలిపిన క్లోరిన్ ఇంకా నీటిలో మిగిలే ఉందని దానర్థం. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నీటికి నిత్యం క్లోరిన్ కలపడం మొదలుపెట్టాక ఆ పద్ధతి ఊరూరా పాకింది. లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపింది.

మరి చిక్కెక్కడ? నదులు, చెరువుల నీటిలో ఆకులూ అలములూ కుళ్లి కరిగిన సేంద్రియ పదార్థం ఉంటుంది. క్లోరిన్ క్రిములతో ఆగదు, దానితోనూ చర్య జరుపుతుంది. అలా పుట్టేవే క్లోరోఫాం, బ్రోమోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు. నీటిలో ఉండే కొద్దిపాటి మోతాదులో వీటి వాసన, రుచి మనకు తెలియవు.

ఈ గుట్టు రట్టయింది 1974లో. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ నీటి సరఫరా సంస్థ రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ అంతకుముందు బీరు పరిశ్రమలో పనిచేశారు. అక్కడి అలవాటు కొద్దీ మూసిన సీసాలో నీటిపైన చేరిన గాలిని పరీక్షించారు. క్లోరోఫాం దొరికిపోయింది. శుద్ధి చేయని నదినీటిలో లేనిది క్లోరిన్ కలిపాక పుడుతోందని తేలింది. అదే ఏడాది అమెరికా పరిశోధకులూ ఇదే మాట చెప్పారు.

వీటిని పట్టుకోవడంలో సగం పని కుళాయి దగ్గరే ఉంది. చిన్న గాజు సీసాను గాలిబుడగ లేకుండా అంచుదాకా నింపాలి. లేదంటే అవి బుడగలోకి ఆవిరై తప్పించుకుంటాయి. సీసాలో సోడియం థయోసల్ఫేట్ కూడా ఉండాలి. అది మిగిలిన క్లోరిన్‌ను అణచివేస్తుంది. లేకపోతే ల్యాబుకు చేరేలోపు సీసాలోనే కొత్తవి పుట్టి లెక్క తప్పుతుంది. ల్యాబులో ఆ ఆవిరిని గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోని వెంట్రుకలాంటి పొడవాటి గొట్టంలోంచి పంపుతారు. ఒక్కో రసాయనం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. 1957లో జేమ్స్ లవ్‌లాక్ రూపొందించిన ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ వాటిని పసిగడుతుంది. లీటరు నీటిలో గ్రాములో పదిలక్షల వంతు ఉన్నా సరే!

ఎక్కువ మోతాదులో క్లోరోఫాం ఇచ్చిన జంతువుల్లో కాలేయం, కిడ్నీ కణితులు కనిపించాయి. ఇలాంటి నీటిని దశాబ్దాల తరబడి తాగడానికీ మూత్రాశయ క్యాన్సర్‌కూ సంబంధం ఉండొచ్చని కొన్ని అధ్యయనాలు సూచించాయి. అందుకే 2012 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో క్లోరోఫాం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలో నాలుగు ట్రైహాలోమీథేన్లూ కలిపి 0.08 మిల్లీగ్రాములే పరిమితి.

అలాగని క్లోరిన్ మానేస్తే? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే. క్రిముల ముప్పు రోజుల్లో ప్రాణం తీస్తుంది, దీని ముప్పు ఏళ్లు పట్టే వ్యవహారం. అందుకే ఈ రసాయనాలను తగ్గించే పేరుతో క్రిమిసంహారంలో రాజీ పడొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అసలు మందు శుద్ధి కేంద్రంలోనే ఉంది. పటికతో, వడపోతతో సేంద్రియ పదార్థాన్ని ముందే తీసేసి, ఆ తర్వాత క్లోరిన్ కలపాలి.

ఇంట్లో అయితే నీటిని మూతలేకుండా మరిగిస్తే చాలు. క్లోరోఫాం 61 డిగ్రీల సెల్సియస్‌కే ఆవిరయ్యే రకం కాబట్టి చాలావరకు పోతుంది. కిటికీ తెరిచి ఉంచితే మరీ మంచిది. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరూ పనిచేస్తుంది, గడువుకు మారిస్తేనే సుమా! అయితే మరిగిన నీటిలో కాపలాకు క్లోరిన్ మిగలదు. చల్లారాక మూత పెట్టడం, చెయ్యి ముంచకుండా గరిటెతో తీసుకోవడం మరవకూడదు.