రామప్ప గుడిలో నొక ప్రశ్న

క్రిందటి నెలలో ఊరగాయలను గూర్చి వ్రాసి, ఈ నెల మా పాలంపేట గుడిని గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చితిమి. మాట తప్పలేదు గాని, వ్రాయదలచినది వేరు, వ్రాయుచున్నది వేరు.

రామప్ప దేవాలయమును గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిన పిదప మా యింటికి చుట్టముల రాక హెచ్చినది. వచ్చినవారి కెల్ల మేమే గుడి చూపుదుము. నీట దేలు ఇటుకలు, మదనికల నల్లరాతి నునుపు, అన్నియు మాకు కంఠపాఠమే.

మొన్న మాతో వచ్చినది చుట్టము కాదు. ఏటూరునాగారము వైపు అడవిపల్లెకు చెందిన కోయ యిల్లాలు. ఆమె కూతురు మా యూర మేనమామ యింట నుండి, మా వారి బడిలో నాల్గవ తరగతి చదువుచుండెను. పిల్ల పది దినములుగా బడికి పోనని మొండికెత్తగా తల్లి వచ్చినది. మా వారు వచ్చులోపల ఆమెకు గుడి చూపుదమనుకొంటిమి. కాకతీయుల వైభవమును మా ధోరణిలో వర్ణించుచుండగా ఆమె మెల్లగా అడిగెను: "అమ్మా, మా తల్లి మీదికి దండు పంపినోళ్లు కట్టిందేనా ఈ గుడి?"

మాకు నోట మాట రాలేదు. మేడారపు కథ మీరెరుగుదురు. కరవుకాలమున కప్పము కట్టలేమన్న కోయలపైకి ప్రతాపరుద్రుని సేన వచ్చెననియు, సమ్మక్క సారలమ్మలు పోరాడిరనియు, సమ్మక్క చిలకలగుట్టపై అదృశ్యమై కుంకుమభరిణగా దొరకెననియు వారు చెప్పుకొందురు. రెండేండ్ల కొకసారి మాఘమాసమున మన యిండ్లనుండియు బెల్లము తీసికొనిపోయి 'బంగార'మని సమర్పించుచున్నాము. 2024లో మేమును పోయితిమి. అచట విగ్రహము లేదు; పూజారులు కోయలే. మ్రొక్కు చెల్లించి వచ్చితిమే గాని, ఆ తల్లి యెవరితో పోరాడినదో వారినే యింట పిల్లలకు పొగడి చెప్పుచున్నామని యేనాడును తోచలేదు.

ఈ గుడి గణపతిదేవుని నాటిది, ప్రతాపరుద్రుడు 1289 తరువాత నేలినవాడు అని లెక్క చెప్పి తప్పించుకొన జూచితిమి. ఆమె విని, "వంశం ఒక్కటే గదమ్మా" అని నవ్వెను. గుడిని మాత్రము నిందింపలేదు. ఒక స్తంభముపై మద్దెల వాయించు శిల్పమును చూచి, చేతుల పట్టు సరిగానే యున్నదని మెచ్చుకొనెను! ఆ గణపతిదేవుని గజసేనాని జాయపయే తన నృత్తరత్నావళి యెనిమిది అధ్యాయములలో వెనుకటి నాలుగింటిని దేశినృత్యములకే యిచ్చెను. జనుల యాట నేర్చికొనుటకు సేనానికి లేని చిన్నతనము మాకేల కలుగవలెను?

ఇంటికి వచ్చినపిదప అసలు సంగతి బయటపడెను. ఆ పిల్ల తెలుగులో కోయమాటలు దొరలుచుండగా తోటిపిల్లలు వెక్కిరించిరట. వారికి నాయకుడు మా పుత్రరత్నమే. కోయభాషయు మన తెలుగును ద్రావిడ కుటుంబమున నొకే కొమ్మవి. అయినను అది మనకు నవ్వులాట. వానిని దండింపబోయి ఆగితిమి. ఆ పిల్ల మజ్జిగకు వచ్చినపుడెల్ల ఆమె మాటలను వంటింట తిరిగి పలికి నవ్వినది మేమే గదా! వాడు నేర్చినది బడిలో కాదు.

ఆదివారమున పిల్లవానిని వెంటబెట్టుకొని వారి పల్లెకు పోయితిమి. అచట ఒక ముసలమ్మను దాహమడుగ రాక వాడు బిక్కమొగము వేసెను. చివరకు ఆ పిల్లయే వాని పక్షమున అడిగి చెంబు తెచ్చి యిచ్చెను. బడికి పంపుదురో లేదో తల్లి చెప్పలేదు. వచ్చునపుడు ఇప్పపూలు మూటగట్టి యిచ్చినది. వానినెట్లు వండవలెనో పిల్ల మావానికి వివరముగా చెప్పినదట. దారిలోనే వాడు సగము మరచినాడు. వచ్చే ఆదివారము మరల పోయి అడిగి రావలెను.