మన శ్రీరాంపూర్ ఏ శ్రీరాంపూరో ముందు చెప్పండి

వడ్లు, పత్తి సంగతి వేరు. వాటికి కొనుగోలు కేంద్రం ఉంది, జిన్నింగ్ మిల్లు ఉంది. ఎకరంలో కూరగాయలు, కొట్టంలో రెండు బర్రెలు, పెరట్లో నాటుకోళ్లు ఉన్న సన్నకారు రైతు ఎవరికి అమ్ముకోవాలె? శ్రీరాంపూర్ చుట్టూ సింగరేణి కాలనీలున్నాయి, నెలనెలా జీతం వచ్చే ఇండ్లున్నాయి. నాటుకోడి కావాలంటే ఇప్పుడు చాలామంది అంగడి రోజు దాకా ఆగడం లేదు, ఫోన్ తీసి వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో మీ పేరు రాకపోతే, పట్నం సరుకు తెచ్చేవాడి పేరు వస్తుంది.

ఈ అవసరాన్ని కనిపెట్టి కొందరు బయలుదేరారు. "వెబ్‌సైట్ చేసిపెడతాం, గూగుల్‌లో మొదటి పేరు మీదే" అంటారు. పైసలు ముందే అడుగుతారు. ఇవ్వకండి. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీగా ఇప్పించలేరని గూగుల్ సంస్థే చెబుతోంది. పైన ప్రకటన అని గుర్తు వేసి వచ్చేవాటికి పైసలు కట్టాలి నిజమే, కట్టడం ఆపితే అవి పోతాయి. కింద మామూలుగా వచ్చే వరుసను మాత్రం పైసలతో కొనలేం.

దగ్గర్లోని దుకాణాలు, వ్యాపారాలు చూపించేటప్పుడు గూగుల్ ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. అడిగినదానికి మీ సరుకు సరిపోతుందా, ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. ఇందులో దూరం అనేది చిన్న రైతుకు దొరికిన వరం. హైదరాబాద్ కంపెనీ ఎంత పెద్దదైనా నస్పూర్ కాలనీకి మీకంటే దగ్గర కాలేదు కదా!

అయితే మనకో చిక్కుంది, మన ఊరి పేరే. శ్రీరాంపూర్ ఒక్కటి కాదు. గోదావరి అవతల పెద్దపల్లి జిల్లాలో కాల్వశ్రీరాంపూర్ ఉంది. మహారాష్ట్రలో, నిన్నమొన్నటి దాకా అహ్మద్‌నగర్ అన్న జిల్లాలో, చక్కెర మిల్లులకు పేరుబడ్డ శ్రీరాంపూర్ ఉంది. బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఇంకోటి. ఒట్టి శ్రీరాంపూర్ అని రాసి ఊరుకుంటే మన కోడి ఏ రాష్ట్రంలో కూస్తున్నదో ఫోన్‌కు ఎట్లా తెలుస్తుంది? పైగా 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. పాత చిరునామాల్లో ఆదిలాబాద్ అనే ఉంటే దాన్ని మంచిర్యాలగా దిద్దాలి. ఊరు, జిల్లా, పక్కనున్న కాలనీ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వివరాల్లో రాయాలి. వెతికేవాళ్లు రెండు విధాలా కొడతారు.

ఇదంతా నమోదు చేసే చోటు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. పైసా ఖర్చు లేదు. కొనేవాళ్లు మీ దగ్గరికి రావాలి, లేదా మీరే ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి, అదే షరతు. ఇంటికి తెచ్చిచ్చే పనైతే మీ ఇంటి చిరునామా దాచిపెట్టి, తిరిగే ఊళ్ల పేర్లు మాత్రం ఇవ్వవచ్చు. జనం మిమ్మల్ని పిలిచే పేరే రాయండి. దానికి బెస్టు, నంబర్ వన్ అని తోకలు తగిలిస్తే నమోదే నిలిపివేయవచ్చు. ఫొటోలు మీ కొట్టంలో, మీ చేన్లో తీసినవే పెట్టండి. చేతగాకపోతే ఇంట్లో చదువుకుంటున్న పిల్లలను కూర్చోబెట్టండి. ధ్రువీకరణ కోసం వచ్చే కోడ్‌ను మాత్రం ఎవరడిగినా చెప్పకూడదు.

అట్లాగని గూగుల్‌నే నమ్ముకుని కూర్చోమని కాదు. ఈ ప్రొఫైల్‌తోపాటు ఒకప్పుడు చిన్న వెబ్‌సైట్ కూడా ఉచితంగా ఇచ్చేవారు. 2024 మార్చిలో వాటిని మూసేశారు. అదే ఆధారం అనుకున్నవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. అందుకే కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఫోన్ పోయినా అది ఉంటుంది.

సరుకు నచ్చినవాళ్లను నాలుగు మాటలు రాయమని అడగడంలో తప్పు లేదు, పైసలిచ్చి రాయించుకుంటే తప్పు. ఎవరైనా పాలు పలచగా ఉన్నాయని రాస్తే కోపగించుకోకుండా కిందనే జవాబు రాయండి. ఇంకొక్క మాట. మీరిచ్చిన నంబరు పనిచేస్తున్నదో లేదో ఈ రోజే చూసుకోండి. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి ఒకసారే చేస్తాడు, ఎత్తకపోతే కింది పేరుకు పోతాడు.