వ్యాయామ విద్య చదువుతానన్న బిడ్డకు ఏమని చెప్పాలి?

ఇంటర్మీడియట్, డిగ్రీ ఫలితాలు వెలువడే నెలలలో మా శీర్షికకు చేరే ప్రశ్నలు అధికంగా ఇంజనీరింగు, వైద్యం, ఫార్మసీల చుట్టూనే తిరుగుతూ ఉంటాయి. వాటి నడుమ అప్పుడప్పుడూ మరో రకం ప్రశ్న వినవస్తుంది. మా అబ్బాయి బీపీఈడీ చేస్తానంటున్నాడు, ఆటలాడుకునేవాడికి చదువెందుకు అని ఒక తండ్రి బాధ. మా అమ్మాయి స్పోర్ట్స్ మేనేజ్‌మెంటు అంటున్నది, అది మన ఇళ్లలోని ఆడపిల్లలకు తగినదేనా అని ఒక తల్లి సందేహం. ఈ ప్రశ్నలు అడిగేవారు తమ బిడ్డల మేలు కోరేవారే. అయితే అడుగుతున్న తీరులోనే సగం జవాబు ముందుగా నిశ్చయించుకొని ఉన్నారని మాకు తోస్తున్నది.

‘చదువు రానివాడికి డ్రిల్లు మాస్టారు ఉద్యోగం’ అన్న మాట మన ఊళ్లలో పాతది. ముందుగా దాని సంగతి చూద్దాము. వ్యాయామ విద్య కళాశాలలో విద్యార్థికి నేర్పే తొలి పనులలో పరుగు బాట గీయడం ఒకటి. చూచేవారికి అది సున్నం చల్లడంలా కనిపిస్తుంది. దాని లెక్క చూడండి. ప్రామాణికమైన బాటలో రెండు ప్రక్కలా తిన్నని భాగాలు ఒక్కొక్కటి 84.39 మీటర్లు. రెండు చివరలా 36.50 మీటర్ల వ్యాసార్ధం గల అర్ధవృత్తాలు. మొదటి వరుసలో పరుగెత్తేవాడి దూరాన్ని లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల అవతల నుంచి కొలుస్తారు కాబట్టి ఒక చుట్టు సరిగ్గా 400 మీటర్లు అవుతుంది. మిగిలిన వరుసలలో ఆ కొలత 20 సెంటీమీటర్లే. ఒక్కొక్క వరుస వెడల్పు 1.22 మీటర్లు. కనుక 400 మీటర్ల పందెంలో రెండవ వరుసవాడిని 7.04 మీటర్లు ముందుకు జరిపి నిలబెట్టాలి. ఆపైన ప్రతి వరుసకూ ఇంచుమించు 7.67 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఈ లెక్క ఒక అడుగు తప్పితే పందెమే తప్పు. పదవ తరగతిలో వృత్తం చుట్టుకొలత సూత్రాన్ని బట్టీ పట్టి మరచిపోయిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఇక్కడ ఆ సూత్రాన్ని చేతిలో టేపు పట్టుకొని నేలమీద గీయవలసి ఉంటుంది.

లెక్కతో పని ముగియదు. శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, కండరాల కదలిక, క్రీడా మనస్తత్వం, గాయాలకు ప్రథమ చికిత్స, ఆటల నియమాలు, తీర్పరిగా వ్యవహరించడం, యోగాసనాలు, పాఠశాలలో బోధనాభ్యాసం ఇవన్నీ ఉంటాయి. ఎండాకాలంలో మైదానంలో ఒక పిల్లవాడు సొమ్మసిల్లితే అది నీరసమో వడదెబ్బో గుర్తించి, వెంటనే నీడకు చేర్చి ఒంటిని చల్లబరచవలసినవారు ఆ ఉపాధ్యాయులే. మన రెండు రాష్ట్రాల మే నెల ఎరిగినవారికి ఆ తెలివి విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఈ దారిలో మనవారు ఎవరైనా నడిచారా అని అడిగేవారికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు గుర్తుచేస్తాము. 1909లో హైదరాబాదులో జన్మించిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలులో, ఆ తర్వాత ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేసి, ఆ చివరి రెండు బడులలో ఆటల బాధ్యత స్వీకరించారు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి ఆయనే. ఆయన శిక్షణలోని హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది ఆయన శిక్షణలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. జకార్తా ఫైనల్ నాటికి ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి ఏడాదే, 1963 జూన్‌లో, కన్నుమూశారు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యులు, ఆపైన ఫిఫా రెఫరీ. 2024లో ఆయన జీవితంపై హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మన ఇళ్లలోని యువతకు రహీం సాహెబు పేరు కూడా తెలియకపోవడం మాకు బాధ కలిగించే విషయం. దేశం తరఫున అంతటి పని చేసిన వ్యక్తి ఉర్దూ బడిలోని డ్రిల్లు మాస్టారు!

ధర్మపరమైన సంకోచం ఉన్నవారికి పెద్ద వివరణ అవసరం లేదనుకుంటాము. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం ఆడారని, ఒకమారు ఆమె, మరొకమారు ఆయన గెలిచారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. మస్జిదె నబవీ ఆవరణలో హబ్షీలు ఈటెలతో ఆడుతుండగా ఆమె చూశారని బుఖారీలో ఉన్నది. ఆట స్వతహాగా అభ్యంతరకరమని ఎవరూ అనరు. నమాజు వేళలు, వస్త్రధారణ, సంపాదన స్వచ్ఛత, ఈ మూడింటి దగ్గరే జాగ్రత్త కావాలి.

చదువుల వివరాలకు వద్దాము. ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ల డీపీఈడీ, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఈడీ, ఆపైన రెండేళ్ల ఎంపీఈడీ. ఒకప్పుడు ఏడాదిలో ముగిసిన బీపీఈడీని ఎన్.సి.టి.ఇ. 2014 నిబంధనలు రెండేళ్లకు పెంచాయి. మన రెండు రాష్ట్రాలలో డీపీఈడీ, బీపీఈడీ ప్రవేశాలకు పీఈసెట్ ఉన్నది. దానిలో వ్రాత పరీక్ష ఉండదు. అభ్యర్థి 100 మీటర్లు పరుగెత్తాలి, గుండు విసరాలి, లాంగ్ జంప్ లేదా హై జంప్ చేయాలి. ఇవిగాక అబ్బాయిలకు 800 మీటర్లు, అమ్మాయిలకు 400 మీటర్ల పరుగు. గుండు అబ్బాయిలకు 6 కిలోలు, అమ్మాయిలకు 4 కిలోలు. దీనికి తోడు తాను ఎంచుకున్న ఒక ఆటలో నైపుణ్యం చూపించాలి. వ్రాత పరీక్ష లేదు కదా అని వారం రోజుల ముందు బూట్లు కొనుక్కునేవారు అక్కడ నిలువలేరు.

పేరున్న సంస్థలు దేశంలో కొన్ని ఉన్నాయి. చెన్నైలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్య కళాశాల 1920లో ఆరంభమైనది. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థ 1957 నాటిది. శిక్షకులు కాదలచినవారికి పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి ఉన్నది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలోనూ వ్యాయామ విద్య విభాగం ఉన్నది. హైదరాబాదు దోమలగూడలోని ప్రభుత్వ వ్యాయామ విద్య కళాశాల మనవారికి అందుబాటులోనిది.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్పాలి. ప్రభుత్వ బడులలో పీఈటీ, స్కూల్ అసిస్టెంటు పోస్టులు డీఎస్సీ ద్వారానే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ 2025లో జరిగింది. తెలంగాణలో 2017 నాటి నియామక ప్రకటన తర్వాత పరీక్ష 2024లో జరిగింది. ఏడేళ్లంటే ఇరవై రెండేళ్ల పిల్లవాడు ఇరవై తొమ్మిదికి చేరడం. ఆ నడుమ ఇల్లు గడిచేదెలాగో ముందే ఆలోచించుకోవాలి. ప్రైవేటు బడులు ఉన్నాయి, గురుకులాలు ఉన్నాయి. తెలంగాణలో 2016 నుంచి నెలకొల్పిన మైనారిటీ గురుకులాలే రెండు వందలకు పైగా ఉన్నాయి. డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరు కావాలంటే ఎంపీఈడీలో 55 శాతం మార్కులు, నెట్ వంటి అర్హత పరీక్ష, దానిపై దేహదారుఢ్య పరీక్ష ఉన్నాయి. 30 ఏళ్లలోపు పురుషులు 12 నిమిషాలలో 1800 మీటర్లు, స్త్రీలు 8 నిమిషాలలో 1000 మీటర్లు పూర్తిచేయాలి. ఆచార్య పదవికి ఒంటి సత్తువ కూడా అడిగే వృత్తి మరొకటి మాకు తట్టడం లేదు.

ప్రైవేటు బడుల గురించి ఒక మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది. అద్దె భవనంలో మూడవ అంతస్తున నడిచే బడులకు అది ఎక్కడిది? అటువంటి చోట పీఈటీగా చేరిన యువకుడికి వరుసలు సరిచేయడం, బస్సుల దగ్గర కాపలా కాయడం, ఫీజు చీటీలు పంచడం అప్పగిస్తారు. మన సమాజం నడుపుతున్న బడులకూ ఈ మాట వర్తిస్తుంది. యాజమాన్యాలు నొచ్చుకున్నా సరే.

ఆడపిల్లల విషయంలో మాకు తోచిన మాట కొంచెం సూటిగానే చెబుతాము. మా అమ్మాయికి పురుషుడు వ్యాయామం నేర్పకూడదని పట్టుబట్టే తల్లిదండ్రులు అనేకులు. ఆ కోరికలో తప్పు లేదు. మరి ఆ బడికి మహిళా పీఈటీ ఎక్కడి నుంచి రావాలి? తన ఇంటి బిడ్డ ఆ చదువు చదువుతానంటే వద్దని, పొరుగింటి బిడ్డ చదివి వచ్చి తన కూతురికి నేర్పాలని ఆశించడం న్యాయమా? మహిళా వ్యాయామ ఉపాధ్యాయిని లేని బడిలో మన ఆడపిల్లలు పదేళ్లపాటు మైదానం అంచున కూర్చొని పుస్తకాల సంచులకు కాపలా కాస్తారు. నలభై ఏళ్లు దాటేసరికి మోకాళ్ల నొప్పులతో, చక్కెర వ్యాధితో ఆసుపత్రుల వరండాలలో కనిపిస్తున్న మన ఇళ్ల స్త్రీలలో ఎందరికి చిన్ననాడు ఎవరైనా పరుగెత్తడం నేర్పారు?

వస్త్రధారణ ఇప్పుడు మునుపటంత అడ్డంకి కాదు. ఫుట్‌బాల్‌లో తలవస్త్రాన్ని ఫిఫా 2014లో అనుమతించింది. బాస్కెట్‌బాల్ అంతర్జాతీయ సమాఖ్య 2017లో అదే పని చేసింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబుతోనే అమెరికా తరఫున కత్తిసాములో బరిలోకి దిగి జట్టు కాంస్యం పొందింది. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ బాక్సింగ్ విజేత. ఆమె ధరించే దుస్తులపై ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆమెను ఆ మార్గంలో నడిపించినది ఆమె తండ్రేనన్న సంగతి గమనించదగినది. కళాశాలలో చేర్చే ముందు తల్లో తండ్రో స్వయంగా వెళ్లి నాలుగు సంగతులు విచారించాలి: మహిళా అధ్యాపకులు ఉన్నారా, అమ్మాయిల సాధన వేళ వేరుగా ఉన్నదా, వసతి గృహం ఎవరి పర్యవేక్షణలో ఉన్నది, ఈత తప్పనిసరి అయితే ఏర్పాటు ఏమిటి. జవాబు చెప్పడానికి విసుక్కునే కళాశాలను వదలివేయవచ్చు.

స్పోర్ట్స్ మేనేజ్‌మెంటు వేరే తరహా చదువు. పోటీల నిర్వహణ, స్టేడియం నిర్వహణ, టికెట్ల అమ్మకం, ఆటగాళ్ల ప్రయాణాలు, ఒప్పందాలు, ప్రాయోజకుల సమీకరణ, ప్రచారం దీనిలోకి వస్తాయి. 2008లో ఐపీఎల్, 2014లో ప్రో కబడ్డీ, ఇండియన్ సూపర్ లీగ్ మొదలైన తర్వాత మన దేశంలో ఈ పనికి గిరాకీ ఏర్పడినది. ఆ గిరాకీని చూచి పెద్ద ఫీజులతో డిప్లొమాలు అమ్మే సంస్థలూ పుట్టుకొచ్చాయి. పట్టా ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం, దానికి యు.జి.సి. గుర్తింపు ఉన్నదా, గత ఏడాది చదివినవారు నేడు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగకుండా డబ్బు కట్టవద్దు. లీగుల ఉద్యోగం స్థిరమనీ అనుకోవద్దు. 2025లో ఒప్పందాల చిక్కు వల్ల ఇండియన్ సూపర్ లీగే వేళకు మొదలు కాలేదు. జీతాలు నిలిపివేసిన క్లబ్బులు కూడా ఉన్నాయి.

ఇక్కడే సంపాదన స్వచ్ఛత ప్రశ్న ఎదురవుతుంది. పెద్ద లీగులకు ప్రాయోజకులలో పందేల సంస్థలు, మద్యం కంపెనీలు ఉంటూ వచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేయగా, భారత క్రికెట్ జట్టు చొక్కాపై ఉన్న డ్రీమ్ ఎలెవెన్ పేరు తొలగిపోయినది. దక్షిణాఫ్రికా ఆటగాడు హాషిం ఆమ్లా జట్టు ప్రాయోజకులైన బీరు కంపెనీ గుర్తు లేని చొక్కాతోనే ఆడాడు. అతడిది ఆటగాడి స్థానం, ఆ వెసులుబాటు దొరికినది. ప్రాయోజకులను తేవడమే జీతానికి కారణమైన చిన్న ఉద్యోగికి అది దొరకదు. కాబట్టి ఈ చదువు చదివే మన పిల్లలు ప్రాయోజకత్వ విభాగాన్ని ఎంచుకునే ముందు ఆలోచించాలి. స్టేడియం నిర్వహణ, పోటీల ఏర్పాట్లు, బడి క్రీడలు, శిక్షణ కేంద్రాలు వంటి శాఖలలో ఆ చిక్కు చాలావరకు ఉండదు. మా అభిప్రాయంలో బీపీఈడీ చేసినవారు ఊళ్లో పది పన్నెండేళ్ల పిల్లలకు చిన్న శిక్షణ కేంద్రం నడుపుకోవడం ఈ రెండు చదువులనూ కలిపే మంచి మార్గం. తల్లిదండ్రులు నెలనెలా ఫీజు ఇస్తారు, డీఎస్సీ కోసం ఎదురుచూసే ఏళ్లు వృథా కావు.

పీఈసెట్ సాధారణంగా మే, జూన్ నెలలలో ఉంటుంది. ఈ సారి వ్రాయదలచినవారు రంజాన్ నెలలో సాధన మానుకోవలసిన పనిలేదు, వేళ మార్చుకుంటే చాలు. ఉపవాసంతో మండుటెండలో పరుగు కూడదు. ఇఫ్తార్‌కు అరగంట ముందు తేలికపాటి నడక, సాగదీత వ్యాయామాలు చేసుకొని, గట్టి పరుగులు తరావీహ్ తర్వాతకు ఉంచుకోవాలి. గుండు విసరడం మాత్రం ఒంటరిగా నేర్చుకోవద్దు. చేయి తిరిగినవారు దగ్గర నిలబడి మోచేతి భంగిమ దిద్దకపోతే భుజం పట్టేస్తుంది. పరీక్ష నాటికి అది తగ్గదు.