పరుల యింట తెలుగు గది

సికింద్రాబాదునందలి సైనిక్‌పురి మాజీ సైనికుల నివాసార్థమై ఏర్పడిన కాలనీ. ఇండ్లు చేతులు మారినను ఆ పేరు మారలేదు. ఆ యిండ్లలోని టెలివిజను తెరపై కనబడు పేళ్లకు మాత్రమీ స్థైర్యము లేదు. స్టార్ ఇండియావారు 2015లో హాట్‌స్టార్ అను పేర ఓటీటీ ప్రసారముల నారంభించిరి. 2019లో ఆ సంస్థ డిస్నీ వశమైనది. 2020 ఏప్రిలులో పేరు డిస్నీప్లస్ హాట్‌స్టార్ అయినది. 2024 నవంబరులో రిలయన్సు, డిస్నీల భారతీయ ప్రసార వ్యాపారములు ఏకమైనవి. 2025 ఫిబ్రవరి 14వ తేదీన జియోసినిమాతో గలిసి అది జియోహాట్‌స్టార్ అయినది. పదేండ్లలో మూడు పేళ్లు! చందా చెల్లించు గృహస్థు నభిప్రాయమును మాత్ర మెవ్వరును అడుగలేదు.

ఇది మన దేశమునకే పరిమితమైన వింత కాదు. డిస్నీవారు 2021లో ఐరోపాయందు స్టార్ అను విభాగమును తమ ప్రధాన గృహములోనే ఒక గదిగా నుంచిరి. ఆ సంవత్సరముననే లాటిన్ అమెరికాలో స్టార్‌ప్లస్ అను వేఱింటిని కట్టిరి. 2024లో దానిని ప్రధాన గృహమున గలిపివేసిరి. హెచ్‌బీఓ మ్యాక్స్ యజమానులు 2023లో హెచ్‌బీఓ అను మాటను తొలగించి, 2025లో మరల తగిలించిరి.

ఈ మార్పులకు కారణములు లేకపోలేదు. ఒక దేశమున ప్రసిద్ధమైన పేరు వేఱొక దేశమున నెవరికిని తెలియదు. ఒక చిత్రమునకు ప్రసారహక్కు ఇచ్చట నొకరికి, అచ్చట మఱియొకరికి ముందే అమ్ముడుపోయి యుండును. చందా చెల్లింపగల శక్తియు దేశమును బట్టి మారును. వర్తకుడు సంతను బట్టి దుకాణము పెట్టుట సహజమే. దానిని మేము తప్పు పట్టము. ఆ దుకాణమున మన భాష కెట్టి స్థానము కలదన్నదే మా ప్రశ్న.

2015లో మా టీవీ ప్రసార వ్యాపారమును స్టార్ ఇండియా కొనెను. నాటినుండి ఆ ఛానెలులోని తెలుగు ధారావాహికల గతి దూరదేశపు ఒప్పందములతో ముడిపడినది. అమెరికాలోని తెలుగువారికి వేఱుగా లభించుచుండిన హాట్‌స్టార్ 2022లో మూతపడినది. సైనిక్‌పురిలోని తండ్రికి ఒక పేరు, సముద్రముల కావలనున్న కుమార్తెకు వేఱొక పేరు. ఇద్దరును ఒకే కథను చూడగలరన్న హామీ యెచ్చటను లేదు. ఓటీటీకై మాత్రమే తీసిన తెలుగు కథకు అంతకంటె పెద్ద ఆపద కలదు. యజమాని దానిని తొలగించిన నాడు సామాన్యునకు చూచుటకు వేఱు దారి యుండదు.

యజమాని స్వదేశీయుడైనచో చాలునందురా? జియోహాట్‌స్టార్ యాజమాన్యమున రిలయన్సుదే పైచేయి. అయినను పేరు మారుట ఆగలేదు. కావున యజమాని దేశమొక్కటే చూచిన చాలదు. తెలుగు ఆ యింట ప్రధానమా, పక్కగదియా యని చూడవలెను. 2020 ఉగాదినాడు గీతా ఆర్ట్స్, మై హోమ్ సంస్థలవారి ఆహా తెలుగునకే యని వెలసినది. 2022లో అదియు తమిళమును చేర్చుకొనెను. ఒక్క భాషతో సంసారము నడుపుట సులభము కాదని దీనివలన నూహింపవచ్చును.

కావున మేము మూడు మాటలు విన్నవించుచున్నాము. నిర్మాతలారా! హక్కులమ్మునపుడు గడువు నిర్ణయింపుడు. పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారమున ఒక ప్రతి నుంచుడు. సంస్థల యధిపతులారా! పేరు మార్చుటకు ముందు చందాదారునకు తెలుగులో తెలియజేయుడు. తెలుగు లిపిలో వెదకినను చిత్రము దొరకునట్లు చేయుడు. పాఠకులారా! తెలుగునకై నిలిచిన ప్రసారసంస్థకు మీరిచ్చు చందా దానము కాదు. మన యింటికి మనము కట్టుకొను గోడ. మనకు స్వగృహమున్ననాడు పరుల గుమ్మముపై పేరెన్ని మారులు మారినను తెలుగు కథకు నిలువ నీడ యుండును.