షీట్‌లో లేని వరుస

మా పిన్ని కూతురు మొన్న రాత్రి మెసేజ్ పెట్టింది. "అక్కా, నీ పెళ్లి షీట్ ఉందా? నాక్కూడా అయిదు లక్షల్లో స్టైల్‌గా చేసుకోవాలనుంది, నీలాగ."

ఉంది. మా ఫ్రెండ్స్ గ్రూపుల్లో ఆ షీట్‌కి కొంచెం పేరు కూడా ఉంది. నలభై రెండు వరుసలు. ఒక్కో వరుస పక్కన అనుకున్న ఖర్చు, అయిన ఖర్చు, మిగిలింది. చివరి గడిలో ఆకుపచ్చ రంగులో 4,86,000. 2019లో శంకర్‌పల్లి దగ్గర ఒక మామిడితోటలో నూట ఇరవై మందితో జరిగిన పెళ్లి లెక్క అది. అంతకుముందు 2017 డిసెంబరులో ఇటలీలో జరిగిన విరాట్ కోహ్లీ, అనుష్కా శర్మల పెళ్లి ఫోటోలు చూసినప్పటినుంచి నాకు లేత రంగుల మీద మోజు. అందుకని తెల్ల పరదాలు, లేత గులాబీ చీర, స్టేజీ లేదు, డీజే లేదు. శుభలేఖ కింద చిన్న అక్షరాల్లో "మీ ఆశీస్సులే మాకు కానుక". ఎంత సింపుల్‌గా చేసుకున్నారో అని అందరూ అన్నారు. నేనూ అదే నమ్మాను.

ఇప్పుడు చెప్తున్నాను. ఆ షీట్ అబద్ధం. అందులో ఉన్న అంకెలు తప్పని కాదు, ఉండాల్సిన అంకెలు అందులో లేవు. తక్కువ ఖర్చులో అందమైన పెళ్లి అని మనం మురిసిపోతున్న ఈ కొత్త పద్ధతి చాలాసార్లు ఖర్చును తగ్గించడం లేదు, కనబడకుండా చేస్తోంది. ఇది ఇంకెవరి మీదో రాస్తున్న మాట కాదు, ముందు నా మీదే.

2021లో నాన్న పంట రుణం కోసం బ్యాంకువాళ్లు ఈసీ తెమ్మన్నారు. నేను తెనాలి వెళ్లినప్పుడు నేనే తీయించాను. కాలవగట్టు చేలో డెబ్భై సెంట్లు మా పెళ్లికి సరిగ్గా నెల ముందు వేరేవాళ్ల పేరు మీదకి వెళ్లినట్టు అందులో ఉంది.

"ఇదేంటి నాన్నా?" అన్నాను.

"లాంఛనాలమ్మా. పాపం వాళ్లేం అడగలేదు. మధ్యవర్తి ఒక మాటన్నాడు, మనం కాదనలేకపోయాం."

ఇరవై ఎనిమిది లక్షలు. నా షీట్ మొత్తానికి దాదాపు ఆరు రెట్లు. అది మేముంటున్న ఫ్లాట్ డౌన్ పేమెంట్‌లోకి వెళ్లింది. మా ఆయన్ని అడిగితే ఆ రాత్రి "నాకు తెలీదు" అన్నాడు. మర్నాడు పొద్దున్న కాఫీ ముందు కూర్చుని, "తెలుసు. కానీ అది పెద్దవాళ్ల విషయం అనుకున్నా" అన్నాడు. రెండో మాటకి నేను అతన్ని గౌరవిస్తాను. కానీ నా సంగతేంటి? మా ఇద్దరి జీతాలతో పెళ్లైన ఆరు నెలలకే అంత డౌన్ పేమెంట్ ఎలా కుదిరిందో నేనెప్పుడూ లెక్కెయ్యలేదు. పూలకి, పరదాలకి, తాంబూలం సంచులకి నలభై రెండు వరుసలు రాసుకున్నదాన్ని.

"వాళ్లేం అడగలేదు" అనే వాక్యానికి తెలుగులో ఎన్ని వేషాలో చూడండి. లాంఛనాలు. ఆడపడుచు కట్నం. పసుపు కుంకుమ కింద. "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం." కట్నం అనే మాట ఒక్కటి తప్ప అన్నీ ఉంటాయి. "మేం కట్నం తీసుకోలేదండీ, పెళ్లి కూడా సింపుల్‌గా చేశాం" అని మా అత్తగారు ఇప్పటికీ బంధువులతో అంటారు. ఆవిడ అబద్ధం ఆడుతున్నానని అనుకోవడం లేదు. మామిడితోటా తెల్ల పరదాలూ చూసి ఆవిడా నమ్మేసింది. పందిరి నిరాడంబరంగా ఉంటే ఒప్పందం కూడా నిరాడంబరంగానే ఉంటుందని అందరం అనుకుంటాం. స్టైల్ మాకు చేసిపెట్టిన పని అదీ.

మన సాహిత్యంలో బడ్జెట్ పెళ్లికొడుకు ఎవరంటే నాకు లుబ్ధావధాన్లే గుర్తొస్తాడు. పెళ్లికూతురు చవగ్గా వస్తోందని ఆశపడి, ఆడవేషం వేసిన కుర్రాణ్ణి పెళ్లాడాడు. ఆ నాటకంలో డబ్బు పెళ్లికూతురి తండ్రి వైపు ప్రవహించేది. ఇప్పుడు దారి మారింది. లుబ్ధావధాన్లు బేరాన్ని కనీసం బేరమనే అన్నాడు. మనం దానికి లేత గులాబీ రంగు వేశాం.

"అది నీ వాటాయే కదా, నీకే వచ్చింది కదా" అంటారు కొందరు. కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన హక్కు ఉంది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. వాటా అంటే నా పేరు మీద కాగితంతో వస్తుంది, నాకు తెలిసి వస్తుంది, అమ్మాలో వద్దో నేను చెప్తాను. నాకు తెలియకుండా, నా పెళ్లి జరగడానికి, నా పేరు చెప్పి వెళ్లిపోయినదాన్ని నా వాటా అనడం నన్ను మరోసారి మోసం చెయ్యడమే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. నాకూ తెలీదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే. ఎవరూ అడగకుండా పెళ్లికి ఇచ్చే కానుకలకి మినహాయింపు ఉంది గానీ, వాటికి ఒక జాబితా ఉండాలి. 1985లో దీనికోసమే నిబంధనలు చేశారు. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఇచ్చింది ఎవరు, వాళ్లు చుట్టాలైతే వరుసేమిటి అన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. పెళ్లికూతురికి వచ్చినవాటి జాబితా పెళ్లికూతురు, పెళ్లికొడుకుకి వచ్చినవాటిది పెళ్లికొడుకు ఉంచుకోవాలి. అంటే ప్రతి పెళ్లికీ ఒక షీట్ ఉండాలని చట్టమే చెప్తోంది. నేను చూసిన ఏ బడ్జెట్ పెళ్లి షీట్‌లోనూ ఆ వరుస లేదు. పూలదండకి ఉంది, పొలానికి లేదు.

కనబడని ఖర్చు ఇదొక్కటే కాదు. ఆ షీట్‌లో "మిగిలింది" అనే గడి చూసుకుని నేను తెగ గర్వపడేదాన్ని. కేటరింగ్ ఆయన ప్లేటు 650 అన్నాడు. నేను బేరమాడి 520కి తెచ్చాను. నూట ఇరవై మందికి 15,600 మిగిలాయి. ఆయన ఒక్క మాటన్నాడు. "సరేనమ్మా, కుర్రాళ్లని తగ్గించుకుంటాను." పద్నాలుగు మంది రావాల్సిన చోట ఎనిమిది మంది వచ్చారు. ఇంటరో డిగ్రీయో చదువుకుంటూ రోజు కూలికి వడ్డనకొచ్చే పిల్లలు. పెళ్లి వీడియోలో ఒక కుర్రాడు రెండు చేతుల్లో రెండు బకెట్లతో పరుగెడుతూ కనిపిస్తాడు, మూడుసార్లు. వాళ్లు ఎప్పుడు తిన్నారో, తిన్నారో లేదో నాకు తెలీదు. నేను మిగిల్చాననుకున్న 15,600 ఎవరి దగ్గర తగ్గాయో మాత్రం ఇప్పుడు తెలుసు.

మేళం సంగతీ అంతే. నాదస్వరం, డోలు, శ్రుతి, తాళం. నలుగురికి కలిపి 18,000 అడిగారు. తాళి కట్టే అరగంట వాయిస్తే చాలు, సగానికి రండి అన్నాను. "అరగంటకైనా మాకు రోజంతా పోతుందమ్మా" అన్నాడు ఆ పెద్దాయన. నాకు విసుగొచ్చింది. స్పీకర్ పెట్టేశాం. షీట్‌లో సంగీతం అనే వరుసలో సున్నా. దాని పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

ఇక పిన్ని.

పెళ్లిరోజు పిన్ని చేతిలో కవరు పట్టుకుని తోటంతా తిరిగింది. చదివింపులు రాసుకునేవాళ్ల కోసం. నోటుపుస్తకం పట్టుకుని కూర్చునే పెద్దమనిషి మా పెళ్లిలో లేడు. శుభలేఖలోనే వద్దన్నాం కదా. "మరి నేనెక్కడ తీర్చుకోనే?" అంది. 1996లో పిన్ని పెళ్లికి నాన్న 516 రూపాయలు చదివించాడు. తాతయ్య వంటవాళ్ల లెక్క తీర్చింది ఆ పెళ్లిలో వచ్చిన చదివింపులతోనేనట. పిన్ని ఆ పుస్తకాన్ని బీరువాలో దాచుకుంది. ఎవరింట్లో పెళ్లైనా ముందు అది తీసి చూస్తుంది. నా కోసం ఇరవై మూడేళ్లు ఎదురుచూసి 5,116 పట్టుకొస్తే, మేం నవ్వుతూ "అయ్యో వద్దు పిన్నీ" అన్నాం. అది మర్యాద అనుకున్నాం. ఆవిడకి మాత్రం గుమ్మంలోంచి వెనక్కి పంపినట్టయింది.

ఆలోచిస్తే, నిజంగా తక్కువ డబ్బున్నవాళ్లు పెళ్లి ఎలా చేసేవాళ్లు? ఒంటరిగా చేసేవాళ్లు కాదు. ఒకరు తాటాకులు, ఒకరు కొబ్బరిమట్టలు, ఒకరు గుండిగలు, మిగతావాళ్లు తలా ఇంత చదివింపు. రేపు వాళ్లింట్లో పెళ్లైతే మనం తిరిగి ఇవ్వాలి. అది వడ్డీ లేని అప్పు, ఊరంతా హామీ. దాన్ని మోటు అని మనం తీసేశాం. ఆశీస్సులు చాలన్నాం. ఆశీస్సులతో కేటరింగ్ బిల్లు కట్టలేం కాబట్టి, ఆ బరువంతా ఒక్క మనిషి మీద పడింది. ఆ మనిషి కాలవగట్టు చేను అమ్మాడు.

పాతకాలమే బంగారం అని నేననడం లేదు. ఆ పందిళ్లలో ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో కులం చెప్పేది. ఆడవాళ్లు పొయ్యి దగ్గరే మాడిపోయేవాళ్లు. ఆడపిల్ల తండ్రి చేతులు కట్టుకుని నిలబడేవాడు. చదివింపుల పుస్తకంలో తక్కువ రాయించినవాణ్ణి ఏళ్లతరబడి దెప్పేవాళ్లు. అవన్నీ పోవాల్సిందే. కానీ మనం తీసేసింది వాటిని కాదు. కులం నూట ఇరవై మంది లిస్టులో భద్రంగానే ఉంది. నా పెళ్లికి నాన్న దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిని పిలవలేదు, "ఇంటిమేట్ వెడ్డింగ్" కదా అని. ఆడపిల్ల తండ్రి చేతులు కట్టుకునే ఉన్నాడు, కాకపోతే లినెన్ కుర్తాలో.

ఇటలీ పెళ్లిలో కూడా కొద్దిమందే ఉన్నారు. కానీ ఆ తర్వాత ఢిల్లీలో ఒకటి, ముంబయిలో ఒకటి పెద్ద రిసెప్షన్లు జరిగాయి. వాళ్ల "సింపుల్" వెనక రెండు పెద్ద విందులున్నాయి. నా "సింపుల్" వెనక డెబ్భై సెంట్లు.

"అయితే అందంగా చేసుకోవద్దా?" అని మా చెల్లి అడుగుతుంది, నాకు తెలుసు. చేసుకోవాలి. అందానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. మావిడాకులు, బంతిపూలు, అరటిబోదెలు, కొబ్బరాకు పందిరి. వీటికంటే అందమైన డెకరేషన్ నేనింకా చూడలేదు. ఖర్చు నిజంగా తగ్గేది రంగుల దగ్గర కాదు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు చెయ్యరు కాబట్టి అందరూ అవే నాలుగు ముహూర్తాల మీద పడతారు. హాలు నుంచి పూలదాకా ఆరోజు అన్నీ పిరమే. ముహూర్తం పట్టింపు లేనివాళ్లకి ఆ ఒక్క నిర్ణయంతోనే బోలెడు మిగులుతుంది, ఎవరి కూలీ కొయ్యకుండానే. పట్టింపు ఉంటే తిరుమల కల్యాణవేదిక ఉంది, పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ దేవస్థానమే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. అవేవీ వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, రిజిస్ట్రారు ముందు సంతకాలు. సాయంత్రం అందరికీ భోజనం. ఇవన్నీ మనకి తెలిసినవే. తెలిసి కూడా ఎందుకు చెయ్యం? ఫోటోల్లో బావుండదని. స్టైల్ కోసం చవకని వదులుకుని, దానికే బడ్జెట్ అని పేరు పెడతాం.

నాన్నకి ఇప్పుడు నెలనెలా కొంత పంపుతున్నాం. మొదట్లో వెనక్కి వేసేవాడు, ఇప్పుడు వెయ్యడం లేదు. ఆ చేను మాత్రం తిరిగి రాదు. కొన్నవాళ్లు అందులో ప్లాట్లు వేశారు. ఇది రాశాక మా ఆయనకి చదవమని ఇచ్చాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఒక్క పేరు కూడా లేదుగా, పంపించెయ్" అన్నాడు. మా అత్తగారు చదువుతారో లేదో తెలీదు. చదివితే ఇంట్లో ఒక నెల బావుండదు.

చెల్లికి షీట్ పంపించాను, నాలుగు వరుసలు కలిపి. 43: రెండు వైపుల నుంచీ చేతులు మారే పొలం, బంగారం, నగదు, ఎవరి పేరు మీద. 44: ఈ పెళ్లికోసం చేసే అప్పు, ఎవరు తీరుస్తారు, ఎన్నేళ్లు. 45: పనిచేసే మనుషులు ఎంతమంది, ఎన్ని గంటలు, చేతికొచ్చే కూలీ ఎంత, వాళ్లకి విస్తరి ఏ బంతిలో. 46: చదివింపుల పుస్తకం, దాని దగ్గర ఎవరు కూర్చుంటారు.

పావుగంటలో జవాబొచ్చింది. "అక్కా, 43 నింపాలంటే ఇంట్లో గొడవైపోతుంది."

"అవనీ. ఇప్పుడే అవనీ," అని రాశాను. "తర్వాతైతే ఈసీలో చూసుకోవాల్సి వస్తుంది."

రెండు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు ఇంకా రాలేదు.