కాలానికి ముందు కాదు, నెలలు నిండకముందు

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆబర్న్ అనే చిన్న పట్టణంలో, ఒకప్పటి ఆబర్న్ ఆటోమొబైల్ కంపెనీ కార్యాలయ భవనంలో, 1974 నుంచీ కార్ల మ్యూజియం ఒకటి నడుస్తున్నది. అక్కడికి నేను వెళ్ళిన రెండుసార్లూ, కోర్డ్ 810 కారు ముందు నిలబడినవారి నోట ఒకే మాట విన్నాను: “పాపం, కాలానికి ముందు పుట్టింది!” చాలాకాలం నేనూ ఆ మాటను నమ్మాను, నలుగురిలో చెప్పి మెప్పు పొందాను కూడా. ఇప్పుడు దానిని ఉపసంహరించుకుంటున్నాను. అది పొగడ్త వేషం వేసుకున్న అబద్ధం.

ముందుగా ఆ కారు గొప్పతనాన్ని ఒప్పుకుంటాను. గోర్డన్ బ్యూరిగ్ దిద్దిన ఆ రూపం, 1937 నాటి 812గా, 1951లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఏర్పాటు చేసిన ఎనిమిది కార్ల ప్రదర్శనకెక్కింది. అయితే ఆ రూపం కేవలం శిల్పి ఊహలోంచి ఊడిపడినది కాదు. ముందు చక్రాలే బండిని లాగుతాయి కనుక, ఇంజిన్ నుంచి వెనుక ఇరుసు దాకా నేల కింద సాగే పొడవాటి షాఫ్టు అక్కరలేకపోయింది. షాఫ్టు లేదు కనుక నేల కిందికి దిగింది. నేల దిగింది కనుక ఎక్కడానికి పక్కన మెట్టుపలక అనవసరమైంది. 4.7 లీటర్ల లైకమింగ్ వీ8 ఇంజిన్, దాని ముందు డిఫరెన్షియల్, దానికీ ముందు గేర్‌బాక్సు. ఆ గేర్‌బాక్సు మీది మూత చక్రాల నడుమ ముందుకు పొడుచుకు వస్తుంది. దాని వెనుక, జనం శవపేటికతో పోల్చిన ఆ ప్రసిద్ధమైన ముక్కు లేస్తుంది. చేతిపిడి తిప్పితే రెక్కల్లోంచి బయటికి వచ్చే హెడ్‌లైట్లు సరేసరి.

ఇక నా తగాదా. 1935 నవంబరులో న్యూయార్క్ ప్రదర్శన. అందులో చోటు దొరకాలంటే కనీసం నూరు కార్లు తయారై ఉండాలన్నది నియమం. చేతులతో, హడావుడిగా, ఆ నూరూ కట్టారు. గేర్‌బాక్సులు మాత్రం అందలేదు. కదలలేని కార్లనే తీసుకువెళ్ళి నిలబెట్టారు. జనం విరగబడ్డారు. పక్క కంపెనీల కార్ల బంపర్లెక్కి మరీ చూశారు. ఆర్డర్లు గుమ్మరించారు. క్రిస్మస్‌కు ఇస్తామన్నారు. పండుగ వచ్చింది, ఆర్డరిచ్చినవారికి అందింది కంచుతో పోసిన బొమ్మకారు. అసలు కార్లు కదిలింది మరుసటి ఏడాది.

విజ్ఞులైన పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కాలం సిద్ధంగా లేకపోతే ఆ జనం ఎవరు? ఆ ఆర్డర్లు ఎవరివి? కాలం ఎదురేగి నిలుచున్నది. సిద్ధంగా లేనిది కారు.

ఆ గేర్‌బాక్సు సంగతీ చెప్పాలి. స్టీరింగు పక్కనున్న బుల్లి మీటతో రాబోయే గేరును ముందే ఎంచుకోవచ్చు. క్లచ్ తొక్కగానే విద్యుత్తూ, ఇంజిన్ పీల్చే గాలి వల్ల పుట్టే శూన్యమూ కలిసి గేరు మారుస్తాయి. వినడానికి ఎంత సొంపు! వాడుకలో అది గేరు జారవిడిచేది. ఇంజిన్ వేడెక్కేది; పెట్రోలు గొట్టాల్లోనే ఆవిరై దారి మూసుకునేది. ఇవన్నీ పరీక్షల్లో తేలవలసిన లోపాలు. కొన్నవారి చేతుల్లో తేలాయి.

“మాంద్యం రోజులు కదా” అంటారు కొందరు. సరే, అదే మాంద్యంలో 1934లో ఫ్రాన్సులో సిట్రొయెన్ ట్రాక్షన్ అవాంట్ వచ్చింది. అదీ ముందు చక్రాలదే, దాని గేర్‌బాక్సూ ఇంజిన్‌కు ముందే. అదీ తొందరపాటుతోనే పుట్టింది. ఆ ఏడాదే కంపెనీ దివాళా తీసి మిషెలిన్ చేతికి పోయింది. కానీ వారు పని చేయని ఆటోమేటిక్ గేర్‌బాక్సును విడుదలకు ముందే పక్కనపెట్టి, మామూలు మూడు గేర్ల పెట్టెతో సరిపెట్టారు. తరువాత లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుకున్నారు. ఆ కారు 1957 దాకా, ఏడు లక్షలకు పైగా తయారైంది. కోర్డ్ 810, 812 రెండూ కలిపి మూడు వేలు దాటకుండానే 1937లో ఆగిపోయాయి. ఫ్రెంచివారిది విలాసవంతుల కారు కాదు, నిజమే. కానీ చక్రాలు ధర చూసి తిరగవు.

నష్టం ఒక్క కంపెనీతో పోలేదు. 1966 మోడల్‌గా ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో వచ్చేదాకా, సుమారు ముప్పై ఏళ్ళు, అమెరికాలో పెద్ద కంపెనీ ఏదీ ముందు చక్రాల కారును అమ్మకానికి పెట్టలేదు. మంచి ఆలోచనకు తొందరపాటు అంటించిన మచ్చ కూడా అందుకొక కారణమని నా నమ్మకం.

నేను ప్రోగ్రాములు వ్రాసి బ్రతికేవాణ్ణి. సరుకు తయారుకాక ముందే తేదీ ప్రకటించిన సమావేశాల్లో నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను. తరువాత వాడుకరులు విసుక్కుంటే, “వాళ్ళకు అర్థంకాలేదు, మనం కాలానికి ముందున్నాం” అని మాలో మేము ఓదార్చుకున్నాము. అందుకే ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పును కొన్నవాడి మీదికి నెట్టడానికి అంతకంటే మర్యాదైన మార్గం లేదు.

కోర్డ్ 810ని ప్రేమించండి. నేనూ ప్రేమిస్తాను. కానీ అది కాలానికి ముందు పుట్టలేదు. నెలలు నిండకముందు పుట్టింది. కాదనేవారు ఆ కంచుబొమ్మ అందుకున్నవారి పక్షాన ఒకసారి నిలబడి, ఆ తరువాత నాతో వాదానికి రావచ్చు.